దీపం పెట్టాక వచ్చే పాలబండి

గోపాలా, నీకు కోటి దండాలు. పచ్చగడ్డిని తెల్లని పాలుగా మార్చే విద్యను ఏ కాలేజీలోనూ పెట్టకుండా బర్రె కడుపులో దాచిన నీ తెలివికి దండం. లోకాలన్నీ ఏలగలిగి ఉండీ, చేతికర్ర పట్టుకొని పశువుల వెంట తిరిగిన నీ సరదాకు దండం. దూడ మూతితో పొదుగును కుమ్మగానే పాలు జారతాయే, ఆ క్షణంలో నిన్ను చూడలేనివాడు గుడిలో మాత్రం ఏం చూస్తాడు? ముందు నీ పేరు తలిస్తే గానీ నాకు నోరు పెగలదు. తలిచాను. ఇక జరిగింది చెబుతాను.

నేను పెరిగింది భజన మండలిలో. మా నాయన పురాణం చదివి అర్థం చెప్పేవారు. నేను పక్కన కూర్చుని తాళం వేస్తూ శ్లోకాలు పట్టేశాను. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక, శనివారం శనివారం రామాలయంలో ఆడవాళ్లకు పురాణం చదివి చెప్పే పని నా మీదే పడింది. మా ఊరు వరంగల్ నుంచి నెక్కొండ పోయే దారిలో ఉంటుంది. అప్పట్లో మాకు మూడు బర్రెలు. పొద్దుటి పాలు ఊళ్లోని కేంద్రంలో పోసేవాళ్లం. సాయంత్రం పాలు తోడు వేసుకొని, వెన్న తీసి, నెయ్యి కాచుకునేవాళ్లం. అంతటితో తృప్తిగానే ఉండేవాళ్లం, నేను సుబేదారికి పోనంతవరకు.

పాడిని వ్యాపారంలా నడపడం నేర్పిస్తారని మా మహిళా సంఘంలో చెప్పారు. సుబేదారిలో ఒక ఆఫీసు పైఅంతస్తులో హాలు, మధ్యాహ్నం భోజనం, చివర సర్టిఫికెట్. ఇంటికి వచ్చి పోతానన్నాను. మా ఆయన పలుగు పక్కన పెట్టి నవ్వాడు.

"బర్రెల్ని సాకుడు నీకొకలు నేర్పాల్నా?"

"బర్రెల్ని మనం సాకుడు కాదు. బర్రెలు మనల్ని సాకేటట్టు చేసుడు నేర్పుతరట."

ఆయన మళ్లీ పలుగు అందుకున్నాడు. నేను బస్సెక్కాను.

క్లాసు చెప్పే మేడం చిన్న వయసు పశువుల డాక్టరు. మొదటి రోజే అడిగింది, "మీ ఫారానికి ఓనర్ ఎవరు?" మరిపెడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చేయెత్తి, "నేనే మేడం" అన్నాడు. "మరి మేనేజర్?" "మా ఇంటిది." "కూలి?" ఆయన కాసేపు తల గోక్కుని, "గది గూడ ఆమెనే" అన్నాడు. హాలంతా పకపక నవ్వింది. "మరి ఆమెను తోలకుండ మీరెందుకు వచ్చిండ్రు?" అంది మేడం. "ఆమె వస్తే బర్రెల్ని ఎవలు చూడాలె?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనను అందరం ఓనర్ గారూ అనే పిలిచాం. మహా గర్వంగా పలికేవాడు.

తరువాత బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు చెప్పమంది. ఒకరు గాలికుంటు రోగం అన్నారు, ఒకరు గడ్డి కరువు అన్నారు. నా వంతు రాగానే లేచి, "మాకు ముప్పులేవీ లేవు మేడం. మాకు గోపాలుడున్నడు" అన్నాను. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేడం కూడా కొట్టింది. కొట్టి, "గోపాలుడున్నా ఇన్సూరెన్స్ చేయించాలమ్మా" అంది.

నాకు ఆ చదువు ఎంత నచ్చిందో చెప్పలేను. భజనలో కొత్త కీర్తన దొరికితే రోజంతా నోట్లో ఆడుతుంది చూడండి, అట్లా ఆడేవి ఆ మాటలు. ఇంటికి వచ్చి మా ఆయనను పార్ట్‌నర్ అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన పలకలేదు, అన్నం వడ్డించేముందు పిలిస్తే మాత్రం పలికేవాడు. అత్తమ్మకు నాణ్యత చూసే బాధ్యత అప్పగించాను. పాలు వాసన చూసి ఏ బర్రె ఏం మేసిందో చెప్పడం ఆమెకు ముందునుంచీ ఉన్న అలవాటే. పదవి వచ్చాక చూడాలి, ముక్కు ఇంకాస్త పైకెత్తి వాసన చూసేది.

రోజుకింత పాలు అని నికరంగా తీసుకునే ఒక్క గిరాకీని వెతుక్కోండి, ఊరంతా తిరిగి గ్లాసుల్లో పోయకండి అని మేడం చెప్పింది. నేను హన్మకొండలో ఒక టీ హోటల్‌కు పోయాను. అక్కడ సాయంత్రమైతే కూర్చునే చోటుండదు, జనం రోడ్డు మీద నిలబడి తాగుతారు. యజమాని బజారులో తాతల నాటి నుంచి వ్యాపారం చేసే ఇంటివాడు; అందరూ సేటు అంటారు. నా పాలు నేనే ఆయన పొయ్యి మీద పెట్టి టీ చేసిచ్చాను. ఒక గుక్క తాగాడు. రెండో గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"చెల్లె, సాయంత్రం పాలన్ని నాకే తెప్పియ్యి. కానీ ఒక్క మాట. రుచి మారితే గిరాకి మారుతది. నాగా పెట్టినవంటే నేను వేరే చూసుకుంట. గప్పుడు మల్ల నా మీద అలగొద్దు."

ఆ ఒక్క మాట మీద ఇంకో రెండు బర్రెలను కొన్నాం. ఒకటి ఈనినది, ఒకటి చూడిది. కొన్న రోజే మా ఆయన నాకు ఎదురుగా కూర్చుని చెప్పాడు, "ఇగో చూడు. ఆ సేటు గిన విడిస్తే, ఈ రెండిట్ని అంగడికి కొట్టుకపోవుడే. ఐదు బర్రెల మేత మన తోని గాదు." సరేనన్నాను. సేటు ఎందుకు విడుస్తాడు? ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, ఒక్క రోజు నాగా లేదు. వరుసకు నా మరిది అయ్యే అతను ట్రాలీ ఆటోలో ఊళ్లన్నీ తిరిగి, మా ఊరికి చివరగా ఆరు గంటల వేళకు వచ్చేవాడు. గుమ్మం ముందు హారన్ కొడితే మా బర్రెలు కూడా తలలెత్తి చూసేవి.

క్లాసులో ఉన్నప్పుడే మేడం మా చేత ఏడాది ప్రణాళిక కూడా గీయించింది. ఏ నెలలో ఏ గడ్డి, ఏ నెలలో ఏ టీకా, ఏ నెలలో పాలకు గిరాకి ఎక్కువ. కార్తీకం దగ్గర "పెళ్లిళ్లు, గిరాకి బాగా ఎక్కువ" అని చెప్పి శెభాష్ అనిపించుకున్నాను. ఊరందరి చేత కార్తీక దీపాలు పెట్టించేదాన్ని నేను. కార్తీక మహిమ నోటికి చెప్పేదాన్ని నేను. అయినా ఆ నెలలో సాయంత్రం ఏం జరుగుతుందో నా బుర్రకు తట్టనే లేదు. విందుకు కూరలు, సాంబారు, ఆకులు, గ్లాసులు అన్నీ సిద్ధం చేసి అన్నం వండడం మరిచినట్టు.

జరిగింది ఇది. మామూలు రోజుల్లో మా ఇంట్లో దీపం కాస్త ముందో వెనకో పెడతారు. కార్తీకంలో అట్లా కాదు. పొద్దు గుంకుతుండగానే అత్తమ్మ తులసి దగ్గర దీపం పెడుతుంది. దీపం పెట్టాక ఇంట్లోంచి పాలు, పెరుగు, ఉప్పు, పైసలు బయటకు పోవు. పోతే లక్ష్మి వాటి వెంటే పోతుందని నమ్మకం. పాడ్యమి నాడు నేను నాలుగో బర్రె దగ్గర ఉండగానే పొద్దు గుంకింది. పాలు వడగట్టి క్యాన్‌లో పోసేసరికి తులసి ముందు దీపం వెలుగుతోంది. బయట హారన్ మోగింది. క్యాన్ ఎత్తబోయాను.

"ఏడికి బిడ్డా?" అంది అత్తమ్మ.

"సేటుకు అత్తమ్మా."

"దీపం పెట్టిన. పాలు గడప దాటయి."

లోపలికి తొంగిచూసిన మరిది, "పెద్దమ్మా, నాకు టైమైతాంది" అన్నాడు. "నీకు టైమైతే నువ్వు పో. లక్ష్మికి గూడ టైమైంది, ఇంట్లకు వచ్చింది. ఆమెను నీ ట్రాలీల ఎక్కియ్య" అంది.

"ఇది కొట్టంలోంచి పోతాంది, ఇంట్లోంచి కాదు గదా అత్తమ్మా" అన్నాను.

"కొట్టంలనే లక్ష్మి మొదలు కూసునేది. ఇల్లు ఆమెకు తర్వాత."

నాకు పురాణం వచ్చు కదా, ఆ బాణం తీశాను. "గోపికలు మథురకు పాలు అమ్మబోలేదా?"

"పోయిండ్రు. పొద్దుగాల పోయిండ్రు. దీపం పెట్టినంక పోయిండ్రని ఏ పురాణంల ఉన్నదో చూపెట్టు, నేనే మోసుకపోయి ఇచ్చొస్త."

నాకు తెలిసిన గోపికలందరినీ ఒక్కొక్కరిగా తలచుకున్నాను. ఒక్కతె కూడా చీకట్లో చల్లకుండ ఎత్తుకొని పోయినట్టు గుర్తు రాలేదు. మా ఆయన గడ్డిమోపు చాటుకు పోయి నవ్వుతున్నాడు. వీపు ఊగడం నాకు కనిపిస్తూనే ఉంది. ట్రాలీ వట్టిగానే పోయింది.

కొంచెం సేపటికే సేటు ఫోను. తిట్టలేదు. అందుకే భయమేసింది. "చెల్లె, ఇయ్యాల పాకెట్లు పోసిన. రేపు గూడ రాకుంటే ఇగ రావద్దని చెప్పు మీ ట్రాలీకి."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. వెళ్లి కొత్త బర్రెల దగ్గర నిలబడ్డాడు. చూడిది ఆయన చేయి నాకింది. "రేపు జర జల్దిగ పిండుదాం" అన్నాడు. కుదరదని ఆయనకూ తెలుసు. బర్రెల వేళను రోజుకింత చొప్పున మెల్లగా జరపాలి. ఒకసారి ఎవరింటి పెళ్లికో తొందరపడి ముందే చెంబు పట్టుకొని కూర్చుంటే, మా పెద్ద బర్రె పాలు చేపకుండా తోకతో నా మొహం తుడిచి పంపింది. దీపాన్ని వెనక్కి జరపమని అడిగే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. నిజం చెప్పాలంటే అడగాలని నాకూ లేదు. ఆ దీపం నాదీ.

పొద్దున్నే సేటు దగ్గరికి బయలుదేరాను. మాట్లాడే విద్య కూడా మేడం నేర్పింది: ముందు నవ్వాలి, ఎదుటివాళ్ల అవసరం మనమే ముందు చెప్పాలి, తరువాత మన కష్టం, ఆ తరువాత ఇద్దరికీ నచ్చే మూడో దారి. వీధి మలుపు దాటేలోపు దాన్ని జపంలా అనుకుంటూ నడిచాను. వెనక నుంచి చెప్పుల చప్పుడు. చూస్తే అత్తమ్మ. ఉతికిన చీర, చేతిలో సంచి.

"నేను గూడ వస్త. నా పాలు తాగేటోని మొకం ఎట్లుంటదో చూడాలె."

నా జపం అక్కడే ఆగిపోయింది. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, కనబడిన గుడికల్లా దండం పెట్టింది. నేను మాత్రం పక్క సీటును చూసి నవ్వడం సాధన చేశాను. ఆ సీట్లో ఉన్నామె, "మనం యాడన్న కలిసినమా అక్కా?" అని అడిగింది.

హోటల్‌లో సేటు గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. తల పైన లక్ష్మి పటం, దానికి బంతిపూల దండ. నేను నవ్వాను. "అన్నా, మీ గిరాకి సాయంత్రమే ఎక్కువ, మాకెరుకే..." అని మొదలుపెట్టానో లేదో, అత్తమ్మ నన్ను మోచేత్తో పక్కకు జరిపింది.

"నాయినా, నువ్వేనా సేటువి? మీ యింట్ల దీపం పెడ్తరా?"

"పెడ్తం గదమ్మా. పెట్టకుంటే ఎట్ల?"

"పెట్టినంక ఎవలన్న ఉప్పు కోసమొస్తే ఇస్తరా?"

సేటు నాలుక కరుచుకున్నాడు. "ఉప్పా! నా బజారు దుకాణంల దీపం పెట్టినంక నా సొంత బావమరిది అడిగినా ఇయ్య."

"మరి నా యింట్ల పాలు ఎట్ల అడుగుతవు?"

హోటల్‌లో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు దించారు. సేటు నా వైపు చూసి, "చెల్లె, గీ ముచ్చట నాకు నిన్న ఫోన్ల ఎందుకు చెప్పలే? నేను మీరు వేరేటోళ్లకు పోసిండ్రనుకున్న" అన్నాడు. లేచి అత్తమ్మకు కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. "పాకెట్ పాలదా?" అంది ఆమె. "ఔనమ్మా, మీ పుణ్యమే" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను మూడో దారి కోసం వెతుకుతూనే ఉన్నాను. నా మొహాన మొదటి నవ్వు ఇంకా అట్లాగే అతుక్కొని ఉంది.

సేటు గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, మా చిన్నప్పుడు మా వాడకట్టుల చంటిపిల్లలకు చీకటి పడ్డంక పాలు కావాలంటే వట్టి గిన్నె పట్టుకొని రాకపోయేటోళ్లు. గిన్నెల ఇంత బెల్లమో, గుప్పెడు బియ్యమో ఏసుకొని వచ్చేటోళ్లు. మా అమ్మ అది తీసుకొని, అటెన్క పాలు పోసేది."

అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. మొహంలో ఏదో విచ్చుకుంది. "ఔ... మా అవ్వగారింట్ల గూడ గట్లనే. లోపలికి ఒకటి వస్తే, బయటికి ఒకటి పోతది. గప్పుడు లక్ష్మి పోయినట్టు గాదు, చుట్టాలింటికి పోయొచ్చినట్టు." కొంచెం ఆలోచించి వేలు పైకెత్తింది. "కానీ సేటూ, మొదలు నీది రావాలె. వట్టి క్యాన్ తెస్తే వట్టిదే పంపిస్త."

"ఖాయం. మరి నాది గూడ ఒక షరతు. దీపం పెట్టినంక మీరు నన్ను పైసలు అడగొద్దు."

"అడిగితే నా కోడలే కాదు" అంది అత్తమ్మ, నా వైపు చూడకుండానే. మేడం నేర్పిన విద్య అంతా నా దగ్గర వాడకుండా మిగిలిపోయింది. ఆ హాయిలో రెండు టీలు తాగాను.

ఆ సాయంత్రం చెప్పాలి. పొద్దు గుంకింది. దీపం వెలిగింది. పాలు వడగట్టి పెట్టాం. నిన్న ఆగిపోయిన పాలు ఇంట్లోని క్యాన్‌లోనే పెరుగై కూర్చున్నాయి; మా రెండో క్యాన్ సేటు దగ్గరే ఉంది, అందులోనే ఆయన ఏదో పంపాలి. మా ఆయన గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. హారన్ వినబడింది. మరిది క్యాన్‌ను రెండు చేతులతో, హారతి పళ్లెంలా ఎత్తి పట్టుకొని వచ్చాడు.

"పెద్దమ్మా, తెచ్చిన! సేటు లడ్డూలు పంపిండు!"

"లక్ష్మి వచ్చింది, లక్ష్మి వచ్చింది" అంటూ అత్తమ్మ మూత తీసింది. బూందీ లడ్డూలు. కాగితం కూడా లేదు. క్యాన్ అడుగున నెయ్యి కారుతూ, బూందీ చిట్లి గోడలకు అంటుకొని ఉంది. అత్తమ్మ లడ్డూలను తీసి పళ్లెంలో పెట్టి, దీపం ముందు దండం పెట్టి, నా వైపు తిరిగింది.

"ఇగ పొయ్యి బిడ్డా. పాలు పోనీ."

నేను క్యాన్ ముందు చేతులు చాచి నిలబడ్డాను. "పొయ్య!"

"ఏందే?"

"గీ క్యాన్ల పోస్తే పాలు హోటల్ చేరేలోపే విరుగుతయి అత్తమ్మా! గడప దాటయి!"

మా ఆయన నేల మీద కూర్చుని నవ్వాడు, ఈసారి ఏ మోపు చాటుకూ పోలేదు. "నిన్న ఈమె ఆపింది, ఇయ్యాల నువ్వు ఆపుతున్నవా! పాలకన్నా మీ ఇద్దరినే ట్రాలీల ఎక్కియ్యాలె!" మరిది గడియారం చూసుకుంటూ, "వదినా, నీ కాళ్లు మొక్కుత" అంటున్నాడు. అత్తమ్మే ముందు తేరుకుంది. స్నానానికి పెట్టిన కాగులోంచి మరిగే నీళ్లు తెచ్చింది. నేను సోడా వేసి తోమాను, మా ఆయన నీళ్లు పోశాడు, మరిది క్యాన్‌ను బోర్లించి వీపు మీద దరువు వేసినట్టు కొట్టాడు. మళ్లీ మరిగే నీళ్లు. అత్తమ్మ మూతి లోపల ముక్కు పెట్టి వాసన చూసింది. "లడ్డు వాసన పోయింది. పొయ్యి" అంది. పోశాను. క్యాన్‌ను మా ఆయన ఎత్తాడు. అత్తమ్మ పక్కకు తప్పుకొని దారి ఇచ్చింది. పాలు, తులసి ముందు వెలుగుతున్న దీపం పక్కనుంచి, గడప దాటి పోయాయి.

రెండు బర్రెలూ ఇంకా మా కొట్టంలోనే ఉన్నాయి. చూడిది ఈనింది, పెయ్యదూడ. సేటుకు ఒక చిన్న స్టీలు డబ్బా పంపాను, వచ్చేది అందులోనే రావాలని. ఒకరోజు బెల్లం, ఒకరోజు అరటిపళ్లు, ఒకరోజు మిరపకాయ బజ్జీలు వస్తాయి. బజ్జీలు లక్ష్మికి పనికివస్తాయా అని అడిగితే, "ఆమెకు గూడ సలికాలం ఉండదా?" అంది అత్తమ్మ. మేడంకు ఈ సంగతంతా ఫోన్లో చెప్పాను. నవ్వీ నవ్వీ, ముప్పుల్లో ఒకటి తగ్గిందన్నమాట అంది. తగ్గలేదు మేడం, అత్తమ్మ ఇప్పుడు మధ్యాహ్నం నుంచే ట్రాలీ కోసం చూస్తోంది. ఏదైనా రోజు డబ్బా చిన్నబోతే ఏం జరుగుతుందో అని నా భయం అన్నాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, చదువుతున్న అమ్మల్లారా, అన్నల్లారా. ఒక్క నిమిషం పుస్తకం దించి నాతో పాటు చేతులు జోడించండి. గోపాలా, మా కొట్టాల్లో పొదుగులు నిండుగా ఉంచు. పాలు పోసేవాళ్లకూ తాగేవాళ్లకూ నడుమ మాట పోకుండా చూడు. ఈ సాయంత్రం రోడ్ల మీద క్యాన్లతో తిరిగే ప్రతి బండినీ క్షేమంగా ఇల్లు చేర్చు. గట్టిగా అనండి, ఇంట్లో ఎవరైనా వింటే విననీయండి: గోవిందా, గోవింద!